తద్దినానికి రాని పిల్ల

గుడివాడలో మా అమ్మ సంవత్సరీకం. హైదరాబాదు నుంచి మా అమ్మాయి రాలేదు.

"నాన్నగారూ! మనిషి కణాల్లోంచి ఎంజైము తీస్తున్నాను. మధ్యలో వదిలితే పాడైపోతుంది" అన్నది ఫోనులో.

బందరు కాలేజీలో తెలుగు చెప్పుకునేవాణ్ణి, నాకేం తెలుసు? "పెంచిన నాయనమ్మకంటే ఎక్కువటే?" అని కసిరాను.

వారానికి ఉత్తరం వచ్చింది.

"ఆ కణాలు హెన్రియెట్టా లాక్స్ అనే అయిదుగురు బిడ్డల తల్లివి. 1951లో అమెరికాలో డాక్టర్లు ఆమెను అడగకుండానే తీసుకున్నారు. ఆ ఏడే ఆమె కాన్సరుతో పోయింది. కణాలు నేటికీ పెరుగుతున్నాయి. లీటర్లకొద్దీ పెంచి, పగలగొట్టి, ఆ రసాన్ని చలిగదిలో గాజుగొట్టాల గుండా పోసి, పట్టుకున్నదాన్ని ఉప్పునీళ్లతో విడిపిస్తే, చివరికి దక్కేది చిటికెడైనా ఉండదు. మనలో రోజూ చెడే డి.ఎన్.ఏ.ను బాగుచేసే వాటిలో అదొకటి. ఆ రోజు నాయనమ్మకూ, ఆమెకూ కలిపి ఒంటిపూట ఉన్నాను."

మా ఆవిడకు చదివి వినిపించబోయాను. గొంతు పెగల్లేదు.