పాట మొదలయ్యే దాకా

ఆఫ్రోబీట్ కచేరీలో గాయకుడు నోరు విప్పేసరికి జనం అప్పటికే చెమటతో తడిసి ఉంటారు. ముందుగా రెండు కర్రముక్కలు టకటకమంటాయి. పూసల వల చుట్టిన ఎండు సొరకాయ బుర్ర, షెకెరె, వాటికి తోడవుతుంది. బేస్ గిటార్ నాలుగైదు స్వరాలు పట్టుకుని వాటినే తిప్పి తిప్పి వాయిస్తుంటే, ఇంకో గిటార్ మధ్యమధ్య ఖాళీలు చూసుకుని దూరుతుంది. ఉన్నట్టుండి శాక్సఫోన్లు, ట్రంపెట్లు అన్నీ ఒక్కసారే గర్జించి ఊరుకుంటాయి. పది నిమిషాలు గడిచిపోతాయి, ఒక్కోసారి పదిహేను. పాట ఇంకా రాదు. అయినా ఎవరూ విసుక్కోరు.

నాకు ఈ సంగీతంలో అన్నిటికంటే ఇష్టమైనది ఈ ఆలస్యమే. విడివిడిగా వచ్చినవాళ్లు ఒక గుంపుగా మారేది ఆ కాసేపట్లోనే. మొదట ఎవరి చోట వాళ్లు నిలబడి తలలు ఊపుతుంటారు. తర్వాత ఒక్కొక్కరికీ ఒక్కో వాద్యం దొరుకుతుంది. ఒకరి భుజాలు బేస్ గిటార్ వెంట పోతాయి, ఇంకొకరి నడుము కాంగా డ్రమ్ముల వెంట, పక్కనున్న పెద్దాయన మెడ కర్రముక్కల వెంట. అందరూ ఒకే అడుగు వేయాలని ఎవరూ కోరరు. దీనికి మూలం డ్రమ్మర్ టోనీ అలెన్. రెండు చేతులూ రెండు కాళ్లూ నాలుగు వేర్వేరు లెక్కల్లో నడిపించి, నాలుగింటినీ ఒకే చోటికి తెచ్చినవాడు. ఆయన లేకపోతే ఆఫ్రోబీటే లేదని ఈ సంగీతానికి ఆద్యుడైన ఫెలా కుటీ స్వయంగా ఒప్పుకున్నాడు. జనం ఒంట్లో కనిపించేది ఆ లెక్కే.

ఫెలా 1938లో నైజీరియాలోని అబెయొకుటాలో పుట్టాడు. 1958లో లండన్ వెళ్లి ట్రినిటీ సంగీత కళాశాలలో చదువుకున్నాడు. 1969లో అమెరికాలో గడిపిన నెలల్లో నల్లజాతి ఉద్యమాన్ని దగ్గరగా చూసి, వేరే మనిషై లాగోస్‌కు తిరిగొచ్చాడు. అక్కడి ఎంపైర్ హోటల్లో ఆయన పెట్టిన క్లబ్బే తర్వాత ఆఫ్రికా ష్రైన్ అయింది. వేదిక పక్కన పూర్వీకులకు పూజాస్థానం ఉండేది. ఫెలా బాగా పొద్దుపోయాక వచ్చేవాడు, కచేరీ తెల్లవారేదాకా సాగేది. 1982లో తీసిన 'మ్యూజిక్ ఈజ్ ద వెపన్' అనే డాక్యుమెంటరీలో ఆ రాత్రులు కొన్ని మిగిలాయి. దొరికితే తప్పక చూడండి.

శుక్రవారం రాత్రులను యాబిస్ నైట్ అనేవారు. లాగోస్ వీధి భాషలో యాబిస్ అంటే మొహం మీదే ఎగతాళి చేయడం. ఫెలా పాట ఆపి మైకు ముందు నిలబడి మంత్రుల్నీ సైనికాధికారుల్నీ పేరు పెట్టి కడిగేవాడు. జనం ఊరుకునేవారు కాదు, కేకలు వేసి ఎదురు ప్రశ్నలడిగేవారు, ఒక్కోసారి ఆయన్నే ఏడిపించేవారు. మన బుర్రకథలో రాజకీయం చెప్పే వంతగాడి పని అక్కడ ప్రేక్షకులంతా చేశారనుకోండి. మాట్లాడిందంతా పిజిన్‌లో. యోరుబా, ఇగ్బో, హౌసా వాళ్లు ఎవరొచ్చినా అర్థమయ్యే భాష అది. పల్లవి ఆయన అందిస్తే బదులు చెప్పేది వెనకనున్న గాయనులే కాదు, మొత్తం ఆవరణ.

ఇంకో సంగతి చెప్పకపోతే ఆ జనం గొప్పతనం పూర్తిగా తెలియదు. ఫెలా కొత్త పాటను ముందు ష్రైన్‌లో వాయించేవాడు. అది నెలల తరబడి జనం మధ్యే పెరిగేది, సాగేది, మారేది. రికార్డు చేశాక మాత్రం దాన్ని మళ్లీ వేదిక మీద వాయించేవాడు కాదు. విదేశాల్లో అభిమానులు పాత పాటలడిగి నిరాశపడ్డారు. కానీ లాగోస్ శ్రోతకు అది దక్కిన గౌరవం. ఇంకా పూర్తికాని పాట అతని ముందుకొచ్చేది, అతని కాళ్లు కదిలాయా లేదా అన్నదాన్ని బట్టి దాని రూపం తేలేది. ఆ రికార్డుల మీద పేరు ఫెలాదే అయినా, పాటలో సగం ఆ జనానిదని నేను నమ్ముతాను.

ఇలాంటి గుంపంటే పాలకులకు భయం ఉండదా? సైనికుల్ని ఆలోచన లేని యంత్రాలుగా చూపిన ఫెలా పాట 'జాంబీ' 1976లో వచ్చింది. 1977 ఫిబ్రవరి 18న దాదాపు 1000 మంది సైనికులు ఫెలా ఇల్లు కలకుటాను చుట్టుముట్టి, ఉన్నవాళ్లను చితకబాది, తగలబెట్టారు. స్త్రీల హక్కుల కోసం జీవితమంతా పోరాడిన ఆయన తల్లి ఫున్మిలాయోను పైఅంతస్తు కిటికీలోంచి కిందికి తోశారు. మరుసటి ఏడాది ఆమె చనిపోయింది. ఒక రికార్డు మీద కోపం వస్తే నిషేధించి ఊరుకుంటారు. అంత సైన్యాన్ని పంపారంటే వాళ్లను కలవరపెట్టింది పాట ఒక్కటే కాదు, ఆ పాటకు గొంతెత్తి బదులిచ్చే మనుషులు. 1997 ఆగస్టులో ఫెలా పోయినప్పుడు లాగోస్ వీధుల్లో లక్షలాదిగా కదిలింది వాళ్లే.

ఆ ఇంట్లో, ఆ వేదిక మీద ఉన్న స్త్రీల గురించి ఫెలా పాడిన మాటలు, నడిచిన తీరు నేను సమర్థించలేను. 1978లో ఒకే రోజు 27 మంది యువతుల్ని పెళ్లాడాడు. వాళ్ల గొంతులూ ఆటా లేకపోతే ఆ కచేరీకి సగం ప్రాణం లేదు, కీర్తిలో మాత్రం వాళ్లకు దక్కింది స్వల్పం. అందుకే ఫెలా కూతురు యెని చేసిన పని నాకు విలువైనదిగా తోస్తుంది. తమ్ముడు ఫెమి బృందంలో నాట్యం చేసిన మనిషి ఆమె. తండ్రి జ్ఞాపకార్థం ఫెలాబ్రేషన్ ఉత్సవాన్ని మొదలుపెట్టింది, ఫెమితో కలిసి లాగోస్‌లోని ఇకెజాలో న్యూ ఆఫ్రికా ష్రైన్ నిలబెట్టింది.

ఇప్పటి ష్రైన్ విశాలమైన రేకుల షెడ్డు. పైన న్‌క్రుమా, మాల్కమ్ ఎక్స్ వంటి నల్లజాతి నాయకుల బొమ్మలు. వేరుశనగ పొడీ కారమూ పట్టించి నిప్పుల మీద కాల్చిన మాంసం, సుయా, ఆ పొగ, బీరు, ప్లాస్టిక్ కుర్చీలు. 2018లో ఫ్రాన్స్ అధ్యక్షుడు మక్రాన్ కూడా వచ్చి వెళ్లాడు. ఫెమి శాక్సఫోన్ మీద ఒకే స్వరాన్ని ఊపిరి తెగకుండా నిమిషాల తరబడి పట్టి ఉంచితే, జనం తామూ ఊపిరి బిగబట్టి చూసి, అతను వదలగానే ఒక్కపెట్టున అరుస్తారు.

లాగోస్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్లు ఉన్నారు. వాళ్లకు నా మనవి ఇది: అక్టోబరు 15 ఫెలా పుట్టినరోజు, ఆ వారమంతా ఫెలాబ్రేషన్ జరుగుతుంది, ఒక్క రాత్రైనా ఇకెజా వెళ్లండి. ముందు వరసల్లో సెల్‌ఫోన్ ఎత్తి పట్టుకుని నిలబడకండి. కాస్త వెనగ్గా, డ్రమ్స్ స్పష్టంగా వినిపించే చోట నిలబడి, పాట మొదలయ్యే దాకా ఆగండి.