మామిడి, బంగారం, బోరుబావి: మూడింటికీ ఒకే వేరు

మాది శ్రీనివాసపురం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, అంగట్లో రెండూ. ఇంగ్లీషు మాత్రం ఐదో తరగతిలో వచ్చిన కొత్త చుట్టం. మేం నలుగురం పిల్లలమూ పదో తరగతి దాకా కన్నడ మీడియంలోనే గట్టెక్కినాం. పీయూసీలో సైన్సు తీసుకున్న అక్కకి మొదటి ఏడాదే బయాలజీ పోయింది. పాఠం తెలియక కాదు, ఆ మాటలు నోరు తిరక్క. మామిడి మండీలో లెక్కలు రాసే మా నాయన, "చాల్లేమ్మా, ఇంక ఇంటికాడ ఉండు" అన్నాడు. రెండు మూడు రోజులు ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

ఆ వారమే కేజీఎఫ్ నుంచి మామ వచ్చినాడు. గనుల్లో రాయిని పరీక్ష చేసే చోట ఆయనకి పని. అక్క పుస్తకం తిరగేసి మామిడి శాస్త్రీయ నామం చూపించినాడు: మాంజిఫెరా ఇండికా.

"లాటిన్‌లో ఫెర్ అంటే మోయడం. మాంగోలు మోసే చెట్టు, అంతే. మా గనిలో బంగారం మోసే రాయి ఆరిఫెరస్. ఆరమ్ అంటే బంగారం, అందుకే దాని గుర్తు ఏయూ. భూమిలో నీళ్ళు మోసే పొర అక్విఫర్. మీ మేష్ట్రుకి వచ్చే ట్రాన్స్‌ఫర్ కూడా అదే, అవతలికి మోసుకుపోవడం!"

బోరు వెయ్యి అడుగులు దాటినా నీళ్ళు పడని మా జిల్లాలో అక్విఫర్ అనే మాట మళ్ళీ మరిచిపోతామా?

ఆ రోజు నుంచి అక్క నోటుబుక్కు నిండా వేర్లే. ఒకసారి బోల్తా కూడా పడింది. ఫెర్రస్‌ని కూడా 'మోసేది' అని రాసుకుంది. అది ఫెర్రమ్, అంటే ఇనుము; ఈ ఫెర్ వేరు, ఆ ఫెర్రమ్ వేరు. పోలిక కనిపించగానే చుట్టరికం కలిపేయకూడదని అప్పుడే తెలిసింది. మాంగో అసలు లాటినే కాదు. మన దక్షిణాది మాటే పోర్చుగీసువాళ్ళ నోటి మీదుగా ఇంగ్లీషుకి పోయింది. సప్లిమెంటరీలో అక్క పాసయింది. నాయన ఏమీ అనలేదు, కొత్త నోటుబుక్కు మాత్రం కొనుక్కొచ్చినాడు.

2001 ఫిబ్రవరిలో గనులు మూతపడినాయి. మామ ఇప్పుడు లేడు. అక్క మనవరాలు అమెరికాలో స్పెల్లింగ్ బీకి లాటిన్ వేర్లు బట్టీ పడుతోంది. మొన్న ఫోన్‌లో "డెంట్ అంటే టీత్, పెడ్ అంటే ఫుట్" అని అప్పజెప్పింది. "మన దంతం, పాదం కూడా వాటికి చుట్టాలే" అని అక్క చెప్తే ఆ పిల్ల ఎగిరి గంతేసింది.

"మరి పల్లు అంటే ఏంది?" అని అడిగింది అక్క.

పిల్లకి తెలియదు. అక్క కాసేపు మాట్లాడలేకపోయింది.

దంతానికి లాటిన్ నిచ్చెన ఉంది. పల్లుకి లేదు. కానీ పల్లు అనాథ కాదు. తమిళంలో పల్, కన్నడలో హల్లు. పాలు హాలు, పులి హులి: బడికి పోయిన మొదటి నెలలోనే మేం పట్టేసిన కిటుకు ఇది. లాటిన్ పేటర్‌కి ఇంగ్లీషు ఫాదర్ జోడీ అయినట్టే, పెడ్‌కి ఫుట్ జోడీ అయినట్టే. 1816లోనే మద్రాసులో ఎల్లిస్ దొర, క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో, తెలుగు, తమిళ, కన్నడ ధాతువుల్ని పక్కపక్కన పెట్టి, ఇవి సంస్కృతం బిడ్డలు కావు, తమలో తాము ఒక కుటుంబం అని చూపించినాడు.

మాకు అర్థమయింది ఇదీ: దంతం, పాదం లాంటి మాటలు మన పిల్లలకి ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. పల్లు, పాలు, ఇల్లు మాత్రం ఇంట్లోనే దొరకాలి. ఇంట్లో వినబడకపోతే వాళ్ళకి ఇంకెక్కడా వినబడవు.

అందుకని ఇప్పుడు ఆదివారం ఫోన్‌కి ఒక ఒప్పందం పెట్టుకున్నాం. ఆ పిల్ల ఒక లాటిన్ వేరు చెప్పాలి, మేం ఒక తెలుగు వేరు చెప్పాలి. పోయిన వారం తను ఫెర్ చెప్పింది. మేం 'కాయు' చెప్పినాం: అందులోంచే కాయ, అందులోంచే కాపు. "ఈ ఏడు మామిడి కాపు ఎట్లుంది?" అని తనే అడిగింది, తెలుగులో.

మీ ఇళ్ళల్లో కూడా ఒక ఆదివారం మొదలుపెట్టి చూడండి.