ప్రాతబండి నేర్పిన పాఠము

మా ఊరు రావివలస. టెక్కలికి చేరువనున్న ఈ గ్రామమున ఎండల మల్లికార్జునస్వామి కోవెల ప్రసిద్ధమైనది. ఇచ్చటి మహాలింగమునకు పైకప్పు లేదు. స్వామి ఎండకు ఎండుచు, వానకు తడియుచు భక్తులకు దర్శనమిచ్చును. నా చిన్ననాట కార్తీక సోమవారములందు ఒక వైద్యుడు బుల్లెట్టు మోటారు సైకిలుపై ఆ కోవెలకు వచ్చుచుండెడివాడు. మనిషి కనబడుటకు ముందే బండి సవ్వడి వినబడెడిది. ఆ ‘డుగ్గు డుగ్గు’ విని మేము వీథిలోనికి పరుగెత్తెడివారము. పెద్దవాడనైన పిదప అట్టి బండి నొకదానిని కొనవలెనని ఆనాడే అనుకొంటిని.

ఆ కోరిక తీరుటకు నేను ఉద్యోగవిరమణ చేయవలసివచ్చెను. 2023వ సంవత్సరము చివర, ఉద్దానపు తీరగ్రామ మొకదానిలో 1972 నాటి బుల్లెట్టు అమ్మకమునకు కలదని తెలిసి వెళ్లితిని. కొబ్బరితోటలో, పాకనీడను అది నిలిచియుండెను. నల్లని రంగు అద్దమువలె మెరయుచుండెను. అమ్మువాడు కిక్కు త్రొక్కగా ఇంజను పలికెను. ఆ సవ్వడి చెవిని బడగానే నా వయసు మరచిపోతిని. అడిగిన ధర ఇచ్చి, బండిని సరకుల ఆటోపై నెక్కించి ఇంటికి తెచ్చితిని. పైమెరుగులకు మోసపోరాదని ముప్పది ఏండ్లు పిల్లలకు బోధించిన నేను ఆనాడు రంగును, సవ్వడిని తప్ప మరేమియు పరికింపనైతిని.

మూడవనాడు మనుమని వెనుక కూర్చుండబెట్టుకొని కోవెలదారి పట్టితిని. ఇరువురకు శిరస్త్రాణమైనను లేదు. గ్రానైటు దిమ్మెలను మోయు లారీ యొకటి మా యెదుట హఠాత్తుగా నిలిచెను. బ్రేకు త్రొక్కితిని. పాదము క్రిందికి పోయినదే గాని బండి ఆగలేదు. చేతిబ్రేకు నొక్కితిని, అదియు అంతే. వేరు దారి లేక బండిని ప్రక్కపొలములోనికి త్రిప్పితిని. కోతలు ముగిసిన దినము లగుటచే అచ్చట నున్న వరిగడ్డి కుప్ప మమ్ము కాపాడెను. మనుమని మోచేయి గీచుకొనిపోయెను. వాడు ఏడువలేదు. దుమ్ము దులుపుకొని, “తాతా! ఆగుతుందో లేదో ముందు చూడలేదా?” అని మాత్రము అడిగెను. నేను బదులు చెప్పలేకపోతిని.

మరునాడు బండిని టెక్కలిలోని ఒక మెకానిక్కు కడకు చేర్చితిని. అతడు నా పూర్వవిద్యార్థి; పదవ తరగతి తప్పి చదువు మానినవాడు. “నీకు చదువు రాదురా” అని ఒకనాడు అందరి యెదుట నేను వానితో అంటిని. ఆ మాట అతనికి గుర్తున్నదో లేదో ఎరుగను. వాని అంగడి మెట్టెక్కునప్పుడు నాకు మాత్రము గుర్తుకు వచ్చెను.

“మాస్టారూ, ముందు బండి పుస్తకం ఇవ్వండి” అనెను. చట్రముపైని సంఖ్యను, ఇంజనుపైని సంఖ్యను గుడ్డతో తుడిచి, పుస్తకములోని వానితో ఒక్కొక్క అంకెగా సరిచూచెను. “ఇవి కలవకపోతే బండి ఎంత బాగున్నా మనది కాదండి” అనెను. దైవవశమున అవి కలిసినవి. పదునైదేండ్లు దాటిన బండికి ఐదేండ్ల కొకమారు రిజిస్ట్రేషను పొడిగించుకొనవలెననియు అతడే చెప్పెను.

పిదప చక్రములు విప్పెను. బ్రేకు డ్రమ్ములు త్రుప్పు పట్టియుండెను. లోపలి లైనర్లు గాజువలె నునుపెక్కి పట్టు కోల్పోయియుండెను. టైర్లు బీటలు వారియుండెను. తరువాత ఇంజను నుండి నూనె దింపగా అది మజ్జిగవలె తెల్లగా వచ్చెను. “నీరు చేరింది మాస్టారూ. తుపానులో మునిగి ఉంటుంది” అనెను. 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను నేలగూల్చిన సంగతి మా ప్రాంతమున ఎరుగనివారు లేరు. తోటలతోపాటు ఈ బండియు ఆనాడు దెబ్బతిన్నది కాబోలు. మిగిలినపని ఉప్పుగాలి చేసియుండును. ఆ గాయములపై రంగు పూసి నాకు అమ్మిరి.

“ఇంజను సంగతి యేమి?” అని నేను తొందరపడితిని. అతడు నవ్వి, “ఇంజను ఆఖరునండి. కదలని బండి ఎవరినీ చంపదు. ఆగని బండి చంపుతుంది” అనెను.

పని రెండు నెలలు సాగెను. నేను దినదినము పోయి, బల్లపై కూర్చుండి శిష్యునివలె చూచితిని. నిప్పురవ్వ పుట్టించు పాయింట్లను అతడు శుభ్రపరచి, వాని నడిమి యెడమును సన్నని రేకుతో కొలిచెను. ఆ యెడము మిల్లీమీటరులో పదింట నాలుగు వంతులు మించరాదట! నేటి పెట్రోలులో ఇథనాలు కలియుచుండుటచే ప్రాతరబ్బరు త్వరగా చెడునని క్రొత్త గొట్టములు వేసెను. బండిని పలికించు తీరును నేర్పెను. చేతిమీట నొక్కి, ఆమ్మీటరు ముల్లు నడిమికి వచ్చువరకు కిక్కును మెల్లగా దింపి, మీట విడిచి, అప్పుడు ఒక్కమారు త్రొక్కవలెను. దానికి వలసినది బలము కాదు, అదను.

ట్యాంకుపై రంగు గీకినప్పుడు త్రుప్పుతోపాటు సన్నని బంగారుగీత యొకటి బయటపడెను. 1955లో మద్రాసు మోటార్సువారు ఇంగ్లండు కంపెనీతో కలసి తయారీ ఆరంభించిరి. ఇంగ్లండులో ఆ బండ్ల తయారీ 1970లో నిలిచిపోయినను మద్రాసు చెంతనున్న తిరువొత్తియూరులో నిలువలేదు. అచ్చటి పనివారు ఈ గీతలను కుంచెతో, చేతిమీదనే గీచెడివారు. మెకానిక్కు దానిని చెరపనీయలేదు. “ఇలాంటిది మళ్లీ రాదండి” అని, వెలసినచోట్ల మాత్రమే దిద్దించెను. ఆ పైరంగు బండి దోషమునే గాక గుణమును గూడ కప్పియుంచెను. పరీక్షలలో మార్కులును ఒక్కొక్కప్పుడు అట్టి పైపూతయేనా యని నాకు తోచెను.

పని ముగిసిననాడు అతడు ఖర్చుల జాబితా వ్రాసి ఇచ్చెను. ‘బ్రేకు’నకు క్రావడి లేదు. ఒత్తులు పలుచోట్ల తప్పినవి. కాని పుస్తకము, బ్రేకులు, చక్రములు, నూనె, తీగెలు, ఇంజను అను వరుసలో తప్పులేదు, ధరలలో తప్పులేదు. అలవాటుకొలది నా చేయి జేబులోని ఎఱ్ఱకలము మీదికి పోయెను. దానిని తీయలేదు. “ఒకనాడు నిన్ను అనరాని మాట అన్నాను నాయనా” అంటిని. అతడు తలవంచి చేతులు తుడుచుకొనుచు, “ఎక్కేముందు ప్రతిసారీ బ్రేకు చూడండి మాస్టారూ” అని మాత్రము అనెను.

బాలలారా! మీకును వాహనములు నడుపు వయసు వచ్చును. మనుష్యులను తూచవలసిన వయసును వచ్చును. రెండింటను రంగు చూచి తొందరపడకుడు.

ఇప్పుడు నేనును మనుమడును శిరస్త్రాణములు ధరించి కోవెలకు పోవుచున్నారము. బయలుదేరుటకు ముందు బండిని ఒంటరిగా పదియడుగులు నడిపి బ్రేకు పట్టి చూతును. అది ఆగిన పిదపనే మనుమని ఎక్కుమందును.