పాత మడ్‌గార్డు

మా నాన్నగారి 1994 అంబాసిడర్‌ని మళ్ళీ రోడ్డెక్కిద్దామని నాలుగు నెలలుగా శనాదివారాలన్నీ షెడ్డులోనే గడుపుతున్నాను. ఉత్తర్‌పారాలో ఈ బండి తయారీ 2014లోనే ఆగిపోయింది కదా, అందుకని బయట తయారైన ముందు మడ్‌గార్డు ఒకటి కొన్నాను. కొత్తది నిగనిగలాడుతుంటే తుప్పుపట్టిన పాతదెందుకని తూకానికి అమ్మేశాను. కొత్త కోడ్ టెస్ట్ చెయ్యకుండానే పాతది డిలీట్ చేసినట్టన్నమాట!

తీరా బిగించబోతే రెండు బోల్టు రంధ్రాలు కలవలేదు. తలుపుకీ మడ్‌గార్డుకీ మధ్య సందు పైన 3 మిల్లీమీటర్లు, కింద 8.

"లప్పం పెట్టేయ్ భాయ్, రంగేశాక ఎవరికి తెలుస్తుంది?" అన్నాను టింకరింగ్ భాయ్‌తో.

"మందంగా పెడితే కుదుపులకి పగిలిపోద్ది సార్. పాత ముక్క ఉంటే దాని వంపు చూసి కొట్టేవాణ్ణి" అన్నాడు.

నాన్నగారు ఏమీ అనలేదు. నేను ఇంటర్‌లో డ్రైవింగ్ నేర్చుకుంటూ గేటుకి గుద్దిన సొట్ట ఆ పాతదానిమీదే ఉండేది. దాన్ని ఆయనెప్పుడూ తీయించలేదని అప్పుడు గుర్తొచ్చింది.

చివరికి భాయ్ రెండోవైపు మడ్‌గార్డు విప్పి, దాని అంచుని అట్టమీద గీసి, అట్ట తిరగేసి కొలత పట్టాడు. ముందు తలుపు సరిచేశాడు. తర్వాత బోల్టులన్నీ వదులుగా పెట్టి, వాషర్లు వేసి జరుపుతూ, సందు సమానమయ్యాకే బిగించాడు. దీనికే రెండు రోజులు. రంగు ఆ తర్వాతే.

నాన్నగారు ఆ సందు వెంబడి వేలితో తడిమి "ఊఁ, బానే కుదిరింది" అన్నారు.

కొత్తది కుదిరేదాకా పాతది పారెయ్యకూడదు. కోడ్‌కైతే బ్యాకప్ ఉంటుంది, ఆ సొట్టకి లేదు.