అరకు ఘాట్‌కి ఎన్ని పళ్లు కావాలి?

విశాఖ నుంచి అరకుకి సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటి బొడ్డవర వరకూ బండి హాయిగా పోతుంది. అసలు కథంతా ఆ తర్వాతే! టైడా, డముకు, అనంతగిరి... మలుపు మలుపుకీ ఇంజిన్ గొంతు మారిపోతుంది. లోయలూ కాఫీ తోటలూ చూస్తూ మనం పట్టించుకోం కానీ, మనల్ని పైకి లాగేది ఇంజిన్ ఒక్కటే కాదు... వెనక చక్రం దగ్గరున్న పళ్లు కూడా!

లెక్క సులువే. బైకు ముందు స్ప్రాకెట్‌కి 14, వెనకదానికి 42 పళ్లుంటే రేషియో 3. వెనక 45 వేస్తే సుమారు 3.2. లాగుడు పెరుగుతుంది, టాప్ స్పీడు తగ్గుతుంది. జీపుల్లో ఈ పని క్రౌన్, పినియన్‌లది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపులో ఈ రేషియో 4.88. యుద్ధం అయ్యాక పొలం పనులకీ పనికొచ్చేలా చేసిన సీజే-2ఏలో 5.38!

చదును నేల మీద జరిగే డ్రాగ్ రేసు లెక్క వేరు. దూరం 402 మీటర్లే. ముగింపు గీత దాటే క్షణానికి ఇంజిన్ పూర్తి బలమిచ్చే ఆర్‌పీఎం దగ్గరుండాలి. రేషియో తక్కువైతే బండి ఎత్తుకోదు. మరీ ఎక్కువైతే గీత ఇంకా దూరంగా ఉండగానే ఇంజిన్ 'ఇక నావల్ల కాదు' అంటుంది. టైరు సైజు మారినా లెక్క తప్పుతుంది.

రైలుకీ ఇదే సూత్రం. డబ్ల్యూఏజీ-9 గూడ్స్ ఇంజిన్‌లో గేర్ల పళ్లు 77:15. గంటకు 100 కిలోమీటర్ల వేగానికి తయారైంది. దాన్నుంచే పుట్టిన ప్రయాణికుల ఇంజిన్ డబ్ల్యూఏపీ-7లో వాటిని 72:20కి మార్చారు. వేగం 140కి పెరిగింది, లాగే బలం తగ్గింది!

అయితే ఘాట్‌లో అసలు పరీక్ష ఎక్కడం కాదు, దిగడం. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్నది డ్రైవర్ల పాత మాట. చిన్న గేరులో ఇంజినే బండిని పట్టి ఆపుతుంది. వేగం కోసం వెనక పళ్లు తగ్గించుకుంటే ఆ పట్టు సడలుతుంది. భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి వేడెక్కితే పట్టు వదిలేస్తాయి. ఈ దారి ఎంత కఠినమైందో 2021 ఫిబ్రవరి 12న తెలిసొచ్చింది. అరకు చూసి తిరిగొస్తున్న పర్యాటకుల బస్సు డముకు దగ్గర లోయలో పడి నలుగురు ప్రాణాలు కోల్పోయారు.

అందుకే అరకు బయల్దేరే ముందు కంపెనీ ఇచ్చిన స్ప్రాకెట్లే వేయించుకోండి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో మాత్రం దిగొద్దు. బొడ్డవర కాస్త ఆలస్యంగా చేరితే పోయేదేమీ లేదు!