నాన్నతో పాపికొండలు

లాంచీ ఎక్కితే టిఫినూ, భోజనమూ, మైకులో పాటలూ అన్నీ టిక్కెట్టులోనే అని సీనియర్లు చెప్పారు. నిజమే. లైఫ్ జాకెట్టు తాళ్ళు బిగించుకుంటుంటే చేతులు వణుకుతాయని మాత్రం ఎవరూ చెప్పలేదు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగిన రోజున నేను హైస్కూల్లో ఉన్నాను. అప్పట్నించీ గోదావరి మీద ప్రయాణమంటే అమ్మ ఒప్పుకోదు. ఈ సంక్రాంతి సెలవుల్లో మాత్రం, "నాన్న తోడొస్తే వెళ్ళు" అంది. నాన్నకి ఈతొచ్చు. కాలవగట్టు మీద పుట్టి కూడా నాకు రాదు!

గండిపోచమ్మ గుడి దగ్గర ఎక్కాం. పొద్దుటిపూట నది మీద చలి కొరికేస్తుంది. వెళ్ళేవాళ్ళు దుప్పటి మరవకండి. కొండలు దగ్గరపడేకొద్దీ నది సన్నబడింది. వెడల్పు తగ్గినచోట లోతన్నా పెరగాలి, వేగమన్నా పెరగాలి అని క్లాసులో రాసుకున్న సూత్రం అక్కడ కడుపులో తెలిసింది. కచ్చులూరు వచ్చినా మైకులో పాట ఆగలేదు. మా పక్కనున్న పెద్దావిడ మాత్రం నీళ్ళకి దణ్ణం పెట్టుకుంది.

అందరూ కొండల్ని ఫొటోలు తీస్తున్నారు. నాన్న ఒడ్డునే చూస్తున్నాడు. పోలవరం ముంపని ఖాళీ చేసిన ఊళ్ళు, కప్పుల్లేని గోడలు.

"మన కాలవలోకొచ్చే నీళ్ళు ఇవేరా" అన్నాడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నించీ మా తాతముత్తాతలు పంట పండించింది వీటితోనే.

కాసేపాగి, "వీళ్ళకీ చేలుండేవి కదా" అన్నాడు. భోజనానికి రెండుసార్లు పిలిస్తేగాని లేవలేదు.

పేరంటపల్లి శివాలయం చూసి, చీకటిపడ్డాక ఇల్లు చేరాం.

"కొండలు ఎలా ఉన్నాయండీ?" అనడిగింది అమ్మ.

"మంచి నేల" అన్నాడు నాన్న, కాళ్ళు కడుక్కుంటూ.