ఏది ముందు?

1959లో తొలి బ్లాస్టు ఫర్నేసు ప్రారంభమైన భిలాయికి శ్రీకాకుళం ప్రాంతం నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అనేకం. మాదీ వాటిలో ఒకటి. నాన్నగారు ఉక్కు కర్మాగారంలో ఎలక్ట్రీషియనుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. నేను ఆంగ్ల సాహిత్యం చదివి అనువాదకురాలినయ్యాను. వ్యాకరణ దోషం వల్ల పోయేవి మార్కులేనని చాలాకాలం అనుకున్నాను.

ఒకసారి ఒక కాంట్రాక్టరు వద్ద పనిచేసే తెలుగువారి కోసం, ఆంగ్లంలో ఉన్న జాగ్రత్తల పత్రాన్ని తెనిగించవలసి వచ్చింది. అందులో ఒక వాక్యం: "ఓపెన్ ది ప్యానెల్, డిస్కనెక్టింగ్ ది సప్లై." రెండు వాక్యాలను పార్టిసిపుల్‌తో ఒకటిగా కలపడం బడిలో మనమంతా చేసిన అభ్యాసమే. 'ఇంగ్' కనబడగానే అలవాటు కొద్దీ వ్రాసేశాను: "కరెంటు ఆపుతూ ప్యానెల్ తెరవాలి."

నాన్నగారు కళ్ళజోడు సవరించుకొని ఆ కాగితం చదివారు.

"ఏటమ్మా ఇది? ఆపుతూ తెరిస్తే మనిషి మిగుల్తాడా? ఏది ముందు?"

నా చేతులు చల్లబడ్డాయి.

'తింటూ వచ్చాడు' అంటే దారిలో తిన్నాడు. 'తిని వచ్చాడు' అంటే ముందే తిన్నాడు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో మొదటిది శత్రర్థకం, రెండవది క్త్వార్థకం. ఆంగ్లంలో ఒక్క 'ఇంగ్' ఈ రెండు పనులనూ మోయగలదు. ముందు జరిగినదేదో స్పష్టంగా తెలియాలంటే 'హేవింగ్ డిస్కనెక్టెడ్' అనాలి. అలాగే 'వాన కురిసి చెరువు నిండింది' అని మనం హాయిగా అంటాం. కురిసింది వాన, నిండింది చెరువు. ఆంగ్లంలో 'హేవింగ్ రెయిన్డ్' అని మొదలుపెట్టి చెరువును కర్తగా నిలిపితే, కురిసింది చెరువే అవుతుంది!

ఆ వాక్యాన్ని కొట్టివేసి, 'కరెంటు ఆపి ప్యానెల్ తెరవాలి' అని వ్రాశాను. నాన్నగారికి అదీ చాలలేదు.

"ఆగిందో లేదో టెస్టరుతో చూడాలి గదమ్మా. అది కూడా రాయి. విడివిడిగా రాయి."

చివరికి ఇలా వ్రాశాను: "ముందు కరెంటు ఆపాలి. ఆగిందని టెస్టరుతో చూసుకోవాలి. ఆ తరువాతనే ప్యానెల్ తెరవాలి."

వాక్యాలను కలపడం నాకు కళాశాల నేర్పింది. ఎక్కడ కలపకూడదో నేర్పినవారు నాన్నగారు. ఆయన ఒక్కొక్క వాక్యం మీద వేలు పెట్టి చదివి, మూడవదాని దగ్గర తల ఊపారు. అప్పుడుగాని ఆ కాగితం నా చేయి దాటలేదు.